కాళేశ్వరంలో మా దగ్గర ఈ ఏడాది ఏముంటుంది, ఏముండదు

కాళేశ్వరం ఘాట్‌కు నడిచి పోయేంత దూరంలో ఆరు గదులు, ఎనిమిది టెంట్లు, ఒక వంటశాలతో నడుస్తున్న మా లాడ్జికి వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపుల నుంచి ఏటేటా వస్తున్న మీ అందరికీ నమస్కారం. కార్తీకం దగ్గర పడడంతో ఫోన్లు మొదలయ్యాయి. పడవ తిరుగుతుందా, ఇసుకలో టెంట్లు వేస్తారా, గది అద్దె పుష్కరాలప్పటిలాగే ఉంటుందా అని దాదాపు అందరూ ఈ మూడే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు, మా వల్ల జరిగిన పొరపాట్లతో సహా అన్నీ ఒకేచోట రాస్తున్నాను.

ముందు నది సంగతి చెప్పాలి. గోదావరిలో ప్రాణహిత కలిసేది ఇక్కడే. పై నుంచి వచ్చే గోదావరి నీళ్లు శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి వంటి చోట్ల ఆగిపోతాయి కనుక ఎండకాలంలో మా రేవు ముందు పారేవి చాలావరకు ప్రాణహిత నీళ్లే. 2019లో మాకు దిగువన మేడిగడ్డ బ్యారేజీ ప్రారంభమైన తర్వాత, గేట్లు దించిన రోజుల్లో వెనుక నీళ్లు మా వైపు దాకా నిలిచేవి. అది చూసి మురిసిపోయి, ‘సంవత్సరం పొడవునా పడవ విహారం’ అని నేను బోర్డు రాయించాను. 2023 అక్టోబరులో బ్యారేజీ పిల్లర్లు కుంగాక నిల్వ నీటిని వదిలేశారు. దాంతో నది మళ్లీ పాత నది అయింది. వానకాలంలో ఒడ్డులు ఒరుసుకొని పారుతుంది, ఎండకాలంలో ఇసుక తిన్నెల నడుమ పాయలుగా చీలిపోతుంది. నది మారింది కానీ నా బోర్డు మారలేదు, మా వద్ద జరిగిన పొరపాట్లలో సగానికి మూలం అదే.

2024 ఏప్రిల్‌లో హన్మకొండ నుంచి వచ్చిన ఒక కుటుంబం పడవకు ముందే డబ్బు కట్టింది. తీరా రేవుకు వెళ్లేసరికి నీళ్లు మోకాటి లోతు లేవు. పడవవాళ్లిద్దరూ దిగి తాడుతో లాగుతుంటే, ఆ ఇంటి పెద్దాయన కూడా పంచె ఎగగట్టుకొని దిగి తోశాడు. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. అయినా నేను పూర్తి డబ్బు తీసుకున్నాను, ఆయన ఒక్క మాట అనలేదు, అందుకే అది ఇంకా గుర్తుంది. బ్యారేజీ నీళ్లు వదిలేశాక వచ్చిన రెండు ఎండకాలాల్లో పడవకు డబ్బు కట్టి సరిగా తిరగలేకపోయిన వారెవరైనా మా చీటీ గానీ, ఫోన్‌పే వివరం గానీ చూపిస్తే సొమ్ము వాపసు ఇస్తాను. బోర్డు తీసేశాను.

ఇకపై పడవ కార్తీకం మొదలు మాఘం చివరి దాకా, అదీ నీటి మట్టం చూసి మాత్రమే. పడవలు గంగపుత్రులవి, నడిపేదీ వారే, వద్దని వారు చెప్పిన రోజు నేను బతిమాలను, మీరూ బతిమాలవద్దు. ఒక పడవలో ఆరుగురికి మించి ఎక్కించము. లైఫ్ జాకెట్ వేసుకోకపోయినా, ఫొటో కోసం విప్పినా అక్కడి నుంచే వెనక్కి తిప్పుతారు. పొద్దుగూకిన తర్వాత పడవ కదలదు. కార్తీక పౌర్ణమి నాడు మెట్ల దగ్గర దొప్పల్లో వదిలిన దీపాలు నీటి మీద గుంపుగా తేలుతుంటాయి, స్నానాలకు వచ్చిన జనం కూడా ఎక్కువ, కాబట్టి ఆ రోజు పడవ అసలే లేదు. ఆ దీపాలను మెట్ల మీద కూర్చొని చూడడమే బాగుంటుందని నా అభిప్రాయం.

ఇసుక మీద టెంట్ల గురించి ఎక్కువ చెప్పాలి. చలికాలంలో, ముఖ్యంగా సంక్రాంతికి అటూఇటూ, తెల్లవారుజామున మంచు నది మీద నుంచి లేచి ఎదుటి మహారాష్ట్ర ఒడ్డు కనిపించకుండా కమ్ముకుంటుంది. ఆ సమయానికి చలిమంట దగ్గర మా ఇంటావిడ జొన్న రొట్టెలు కాలుస్తుంటే పిల్లలు కూడా లేచి వస్తారు. ఆ అందం ఎండకాలపు రాత్రుల్లోనూ దొరుకుతుందని నేను ఏప్రిల్ దాకా టెంట్లు వేయించాను. పోయిన ఏప్రిల్‌లో ఒక సాయంత్రం పడమర మొగులు నల్లబడడం చూసి కూడా, దాటిపోతుందిలే అనుకున్నాను. అరగంటలో గాలిదుమారం వచ్చింది. ఇసుకలో కొట్టిన మేకులకు పట్టు ఉండదు, అందుకే మేము తాళ్లను ఇసుక నింపిన బస్తాలకు కట్టి పాతిపెడతాము. ఆ రోజు బస్తాలతో సహా మూడు టెంట్లు లేచిపోయాయి, అన్నం గిన్నెల నిండా ఇసుక పడింది, ఒక పాప కంట్లో ఇసుక పడి ఎర్రబడితే రాత్రికి రాత్రి భూపాలపల్లికి తీసుకుపోవలసి వచ్చింది. పాపకు ఏమీ కాలేదు. తప్పు గాలిది కాదు, నాదే. ఇకపై శివరాత్రి దాటితే ఇసుక మీద టెంట్లు లేవు, కావాలన్నవారికి మా పెరట్లో వేప చెట్ల కింద వేస్తాము.

ఎండకాలంలో మిగిలేది పొద్దున్నే ఇసుకలో నడక, పాయలో స్నానం. ప్రతి వరదకూ అడుగున ఇసుక జరుగుతుంది కనుక నిరుడు నడుము లోతు ఉన్నచోట ఈ ఏడు నిలువెత్తు గుంత ఉండవచ్చు. మా అబ్బాయి రోజూ వెదురు కర్రతో లోతు చూసి ఎర్ర గుడ్డలు కట్టిన కర్రలు పాతుతున్నాడు. ఆ కర్రలు దాటి లోపలికి పోయేవారికి మా దగ్గర గది లేదు, ఈ మాట కటువుగా ఉన్నా వెనక్కి తీసుకోను.

జూలై నుంచి సెప్టెంబరు దాకా నదిలో మేము ఏదీ నడపము. 2022 జూలై వరదను చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు. ఆ నెలల్లో బొగత జలపాతానికి వ్యాను పెడతాము, కానీ అక్కడ నీటిలోకి దిగనివ్వరు, ఉద్ధృతి పెరిగితే సందర్శకులను అసలే రానివ్వరు. ఇంతకుముందు అలా తిరిగివచ్చిన రోజు సగం కిరాయి ఉంచుకునేవాడిని, ఇకపై డీజిల్ ఖర్చు మాత్రమే ఉంచుకుంటాను. పాండవుల గుట్టకు బండి ఏర్పాటు చేస్తాము గానీ, అక్కడి బండరాళ్ల మీదికి ఎక్కించడం మా పని కాదు, దానికి శిక్షణ ఉన్నవారు కావాలి.

2026 జనవరి 28 నుంచి 31 దాకా మేడారం జాతర. ఆ నాలుగు రోజులు మాకు సెలవు. బెల్లం మొక్కు మాకూ ఉంది.

చివరగా అద్దె. 2025 మే 15 నుంచి 26 దాకా జరిగిన సరస్వతీ పుష్కరాల్లో 1,200 రూపాయల గదికి 3,500 తీసుకున్నాను. నీళ్ల ట్యాంకర్లకు, జనరేటరుకు అదనంగా ఖర్చయిన మాట నిజమే, కానీ లెక్క వేసి చూస్తే 2,000 తీసుకున్నా నాకు గిట్టేది. ఇప్పుడు మామూలు రోజుల్లో 1,200, కార్తీక పౌర్ణమికి, శివరాత్రికి 1,500. 2027 గోదావరి పుష్కరాలకు ఇప్పటి నుంచే కొందరు అడ్వాన్సు పంపుతామంటున్నారు. గదికి 2,000 దాటదని మాత్రం ఇప్పుడే రాసి ఇస్తున్నాను, అడ్వాన్సు మాత్రం ఆ ఏడు సంక్రాంతి తర్వాతే తీసుకుంటాను.