తప్పెవరిదని అడిగావుగా నాన్నా

నాన్నా,

నా కారు యాక్సిడెంట్ గురించి ఫోన్లో ఏదీ పూర్తిగా చెప్పలేకపోతున్నా. మొదలుపెట్టగానే అమ్మ ఏడుస్తుంది, నువ్వు ఫోన్ లాక్కుని "బ్రేక్ ఎప్పుడు వేశావ్" అంటావు, ఈలోపు నాకు మీటింగ్ టైమ్ అయిపోతుంది. అందుకే రాస్తున్నా. అక్కని చదివి వినిపించమను, నిదానంగా, మధ్యలో తన మాటలు కలపకుండా.

ముందు అమ్మకి. మెడ బాగానే తిరుగుతోందమ్మా. ఎక్స్‌రే తీశారు, ఎముకలకి ఏమీ కాలేదు, కండరాలు పట్టేశాయంతే. పొద్దున లేవగానే కాస్త బిగుసుకుపోయి ఉంటుంది, వేడినీళ్ళు పోసుకుంటే సర్దుకుంటుంది. ఫొటోలో కారు వెనక భాగం చూసి భయపడ్డారు గానీ, అది అలా నలిగేలాగే తయారుచేస్తారు, దెబ్బంతా డిక్కీ తీసుకుని మనిషి దాకా రానివ్వదు. శీనన్నయ్య నాకు చెప్పకుండా ఆ ఫొటో మీకు పంపాల్సింది కాదు.

ఇక నీ ప్రశ్న, తప్పెవరిదని. ఇక్కడ టెక్సస్‌లో ప్లేనో ఊరి దగ్గర 75 హైవే మీద సాయంత్రం ట్రాఫిక్ ఆగిపోయింది, నేనూ ఆగాను. స్కూటీ నేర్పిన రోజుల నుంచి నువ్వు చెప్పే మాటే, ముందు బండి వెనక టైర్లు రోడ్డుని తాకే చోటు కనపడేంత ఖాళీ వదలాలని, అలాగే వదిలి ఆపాను. వెనక నుంచి ఒక పికప్ ట్రక్కు వచ్చి గుద్దింది. ఆ విసురుకి నా కారు ముందుకెళ్ళి ముందున్న కారుకి తగిలింది. మూడు బండ్లు, మధ్యలో నాది.

వెనకోడిదే తప్పు, ఇంక మాటలేంటి అంటావు నువ్వు. చాలాసార్లు అంతే. ముందు బండికి తగలకుండా ఆగగలిగేంత దూరం వెనకవాడే పాటించాలని టెక్సస్ చట్టంలోనూ ఉంది. గంటకి 60 మైళ్ళ వేగంలో బండి ఒక్క సెకనుకి 88 అడుగులు పోతుంది నాన్నా, ఫోన్ వైపు ఒకసారి చూసి తలెత్తేసరికే అయిపోతుంది. కానీ వెనక నుంచి గుద్దాడు కాబట్టి వాడిదే అని ఇక్కడి కోర్టులు దానికదే తేల్చెయ్యవు. వాడు చెయ్యకూడనిది ఏం చేశాడో చూపించాలి. పైగా తప్పుని శాతాల్లెక్కన పంచుతారు. నా మీద 20 శాతం వేస్తే నాకు రావాల్సిన దాంట్లో 20 శాతం కోత. 50 శాతం దాటిందా, ఒక్క డాలరు కూడా రాదు.

ముందు కారాయన్ని ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగింది ఏంటో తెలుసా, మీకు దెబ్బ ఒకసారి తగిలిందా, రెండుసార్లా అని. ఒకటే అంటే, నేను ఆగి ఉంటే వెనకవాడు నన్ను తోశాడని. రెండు అంటే, ముందు నేనే వెళ్ళి ఆయన్ని గుద్దాను, ఆ తర్వాత వాడొచ్చి నన్ను గుద్దాడని. ఆయనేమో గుర్తులేదన్నాడు. ఆ మాట తెలిసిన రాత్రి నాకు నిద్ర లేదు. పికప్ అబ్బాయి రోడ్డు పక్కన నాకు సారీ చెప్పి నీళ్ళ బాటిల్ ఇచ్చినవాడే, తీరా వాళ్ళ ఇన్సూరెన్స్‌కి మాత్రం నేను హఠాత్తుగా బ్రేక్ కొట్టానని చెప్పాడు. వాళ్ళు ఫోన్ చేసి నా మాటలు రికార్డ్ చేస్తామంటే ఒప్పుకోలేదు, మా ఇన్సూరెన్స్ వాళ్ళతో మాట్లాడుకోమన్నా.

నా తరఫున మాట్లాడింది డ్యాష్‌క్యామ్, కారులో పెట్టుకున్న చిన్న కెమెరా. వీడియోలో కింద స్పీడ్ సున్నా అని ఉంది, ముందు కారు టైర్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి, తర్వాత వెనక నుంచి చప్పుడు, ఆ తర్వాతే నా కారు కదలడం. అది పంపాక మా ఇన్సూరెన్స్ వాళ్ళు నా తప్పేమీ లేదని తేల్చారు. అవతలి వాళ్ళు ఇంకా 20 శాతం నీది అంటున్నారు, నేను ఒప్పుకోను. నువ్వు చూద్దువుగాని, అక్కకి పంపిస్తా. అమ్మకి చూపించొద్దు.

డబ్బు సంగతి అడగొద్దు, నా పాలసీలోనే రిపేర్ చేయిస్తున్నారు, డిడక్టిబుల్ వరకే, అంటే పాలసీలో నా వంతుగా రాసున్న కొంత మాత్రమే నేను కట్టాలి, అదీ తర్వాత పికప్ అబ్బాయి వైపు నుంచి రాబడతామన్నారు. ఒక్కటే చిక్కు. అతనికున్నది ఇక్కడి కనీస పాలసీ, బండ్ల నష్టానికి మొత్తం 25 వేల డాలర్లే. నా కారు, ముందాయన కారు రెండూ అందులోనే సర్దుకోవాలి, ఆయనదేమో ఖరీదైన కారు. ఆఫీసులో అంతా బాగానే ఉంది.

నాన్నా, ఇదంతా నడుస్తుంటే నాకు పదేపదే నువ్వు లారీ తోలే రోజుల్లోని ఆ నాగపూర్ లోడ్ గుర్తొచ్చింది. ఆదిలాబాద్ దాటాక ఆగి ఉన్న ఆ లారీ. టైల్ లైట్ లేదు, వెనక ఒక కొమ్మ గానీ రాయి గానీ అడ్డం పెట్టలేదు. ఒకసారి తగిలిందా, రెండుసార్లా అని నిన్ను ఎవరూ అడగలేదు. వెనక నుంచి గుద్దావు, తప్పు నీదే అని ఓనరు నీ జీతం కోశాడు, ఆ ఏడాది అక్క ఫీజుకి మామయ్య దగ్గరికి వెళ్ళాల్సొచ్చింది. నువ్వు ఇప్పటికీ ఎవరడిగినా నాదే తప్పు అంటావు. అలా అనకు. 1988 మోటారు వాహనాల చట్టంలోనే 122వ సెక్షన్ ఉంది, పక్కవాళ్ళకి ప్రమాదమయ్యేలా బండిని రోడ్డు మీద వదలకూడదని. 2025లో సుప్రీంకోర్టు ఒక కోయంబత్తూరు కుర్రాడి కేసులో తీర్పిచ్చింది. హైవే మీద ముందు కారు హఠాత్తుగా ఆగితే ఇతని బైక్ వెళ్ళి దాని వెనక గుద్దుకుంది, పడిపోయాక ఒక బస్సు అతని మీదకెక్కడంతో కాలు పోయింది. కారుది 50 శాతం, బస్సుది 30, కుర్రాడిది 20 అన్నారు. వెనక నుంచి గుద్దినవాడిదే అన్నిటికంటే తక్కువ. చీకట్లో నువ్వు ఇంకొంచెం నిదానంగా వెళ్ళాల్సిందని ఎవరైనా అంటే అననీ, కానీ నూటికి నూరూ నీ మీద వెయ్యడం అన్యాయం. అప్పుడు నేను చిన్నపిల్లని, ఇప్పుడు చెప్తున్నా.

అమ్మ చెప్పినట్టే ఫ్రిస్కో హనుమాన్ గుడికి వెళ్ళొచ్చా, వడమాల మొక్కు కారు వచ్చాక తీరుస్తా. నీ షుగర్ రిపోర్ట్ అక్క ఇంకా పంపలేదు, ఈసారి ఎంతొచ్చిందో దాచకుండా చెప్పు.

బావ ట్రాక్టర్ ట్రక్కు వెనక లైట్లు లేవు కదా, మిరపకాయలు యార్డుకి తోలేది రాత్రిళ్ళే. కోతలు మొదలయ్యేలోపు రేడియం స్టిక్కర్లు అంటించమను, డబ్బులు నేను పంపిస్తా. నువ్వు దగ్గరుండి చేయించు, బావ రేపు రేపు అంటాడు.

ఆదివారం ఫోన్ చేస్తా.

నీ చిన్నమ్మాయి