సభకు జనాన్ని తెచ్చినవాడి బాకీ: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

పరకాల దాటి లోపలికి ఉన్న ఒక ఊరి నుంచి, పార్టీ గ్రామశాఖకు పదకొండేళ్ళు అధ్యక్షుడిగా పనిచేసిన ఒక కార్యకర్త నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

మొన్న ఆదివారం మండల కేంద్రంలోని ఫంక్షన్ హాలులో సన్నాహక సమావేశం జరిగింది. ప్రచార ప్రారంభ సభకు ఏ ఊరి నుంచి ఎంతమంది రావాలో కాగితం చూసి చదివారు. మా ఊరి పేరు వచ్చినప్పుడు మూడు వందలు అన్నారు. పోయినసారి రెండు వందలకు ఏడుగురు తక్కువగా తెచ్చాను కనుక ఈసారి నా శక్తి మీద నమ్మకం పెరిగి వంద కలిపారని ముందుగా సంతోషించాను. ఆ తరువాత, పోయినసారి సభకు జనాన్ని తెచ్చినందుకు నాకు రావలసిన బండ్ల కిరాయి, కూలి డబ్బుల బాకీ సంగతి ఏమిటని లేచి అడిగాను. వేదిక మీదున్న పెద్దమనిషి నవ్వి, "ఇది సందర్భం కాదు తమ్మీ, ముందు సభ విజయవంతం కానీయ్" అన్నాడు. ఇరవై ఆరు నెలలుగా ఆ సందర్భం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నవాణ్ణి కనుక, ఇక ఇలా అందరి ఎదుట రాయక తప్పలేదు.

పార్టీ పేరు, మీ పేరు ఈ లేఖలో రాయడం లేదు. రాస్తే ఇది రేపు ఎదుటివాళ్ళ సభలో మైకు ముందు చదవడానికి పనికొస్తుంది. నాకు కావలసింది అది కాదు. మీకు గుర్తుండడానికి ఒక ఆనవాలు చెబుతాను. అప్పుడు మీరు మంత్రి కారు, మా నియోజకవర్గానికి సభ ఇన్‌ఛార్జిగా వచ్చారు. మా ఊరి గద్దె దగ్గర వేపచెట్టు కింద నిలబడి, "బండ్లు మీరు మాట్లాడుకోండి, సభ అయిన రెండో రోజు కిరాయి నా బాధ్యత" అని అందరి ముందు చెప్పారు. నా భుజం మీద చెయ్యి వేసి చెప్పారు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ దిగలేదు.

ప్రచారం ఎక్కడ మొదలుపెట్టాలన్న విషయంలో మన ప్రాంతంలో పార్టీలకున్న పట్టింపు మీకు కొత్త కాదు. ఒక పార్టీ 2018 సెప్టెంబర్ 7న, మళ్ళీ 2023 అక్టోబర్ 15న హుస్నాబాద్ నుంచే సభలు మొదలుపెట్టింది. ఇంకొక పార్టీ 2023 అక్టోబర్ 18న రామప్ప గుడిలో పూజ చేసి బస్సు యాత్రకు బయలుదేరింది. దిక్కు చూస్తారు, తిథి చూస్తారు, గుడి చూస్తారు. పత్తి మొదటి ఏరుడు నడిచే రోజులా కాదా అన్నది మాత్రం ఎవరూ చూడరు. ఆ రోజుల్లో ఊళ్ళో ఒక ఆడమనిషిని కైకిలి మానిపించి సభకు తీసుకుపోవాలంటే ఎంత కష్టమో, ఆమె ఇంటి ముందు నిలబడి అడిగినవాడికే తెలుస్తుంది. అభిమానంతో వచ్చేవాళ్ళు ఉండరని కాదు. మా ఊళ్ళో అలాంటివాళ్ళు నలభై మంది ఉన్నారు, వాళ్ళు ఎవరూ పిలవకపోయినా వస్తారు. మీరు అడిగింది నలభై కాదు.

ఆ రోజు లెక్క నా దగ్గర ఒక చిన్న నోటుబుక్కులో ఉంది. కిరాణా దుకాణంలో ఉద్దెర రాసే బుక్కు అది. డీసీఎం వ్యాన్లు రెండు, ఒక్కొక్కటి 4,500 రూపాయలు. ట్రాక్టర్లు మూడు, డీజిల్‌తో కలిపి ఒక్కొక్కటి 2,500. ఆటోలు నాలుగు, ఒక్కొక్కటి 1,500. ఆడవాళ్ళు 112 మంది, మగవాళ్ళు 81 మంది. ఆడవాళ్ళకు కైకిలి పోయినందుకు మనిషికి 300 చొప్పున ఇవ్వాలని మీ మనుషులే చెప్పారు, మగవాళ్ళకు ఏమీ చెప్పలేదు, వాళ్ళు అడగనూ లేదు. బండ్లకు 22,500, ఆడవాళ్ళకు 33,600, మొత్తం 56,100 రూపాయలు. సభకు ముందురోజు రాత్రి నాకు ముట్టింది 10,000. వాటితోపాటు మూడు బస్తాల నీళ్ళ ప్యాకెట్లు, ఒక ఫ్లెక్సీ వచ్చాయి. మిగిలిన 46,100లో ఈ రోజు వరకు ఒక్క రూపాయి రాలేదు. ఆ చివరి వందను కూడా వదలకుండా ఎందుకు రాస్తున్నానంటే, అది కూడా నేను ఎవరికో ఒకరికి ఇవ్వవలసిన వందే.

సభ మధ్యాహ్నం మూడు గంటలకు అన్నారు. పదకొండు గంటలకే బండ్లు కదిలించమని ఫోన్ల మీద ఫోన్లు చేశారు. బండికి ఊరి పేరు కనబడేలా ఫ్లెక్సీ కట్టి, జనం ఎక్కిన తరువాత ఫొటో దించి వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నారు. తొమ్మిది బండ్లకు తొమ్మిది ఫొటోలు పెట్టాను. అన్నిటికీ బొటనవేలు గుర్తులు వచ్చాయి. గూడెప్పాడు దగ్గర ములుగు రోడ్డు ఎక్కేసరికే బండ్లు బారులు తీరి ఉన్నాయి. హనుమకొండ పొలిమేరలో పోలీసులు ఆపి, ఇక్కడి నుంచి నడవాలన్నారు. ఎండలో మూడు నాలుగు కిలోమీటర్లు ముసలివాళ్ళను కూడా నడిపించుకుంటూ మైదానానికి చేరాం. భోజనం అక్కడే ఉందన్నారు. పులిహోర పొట్లాలు సాయంత్రం ఆరు దాటిన తరువాత వచ్చాయి, విప్పితే పులిసిన వాసన వేసింది. ఇంటి నుంచి సద్ది కట్టుకుని వచ్చిన కొందరు తలా ఇంత పంచితే, ఆ పూట మా ఊరి జనం ఆకలి సగం తీరింది.

పెద్దనాయకుడి హెలికాప్టర్ ఏడింటికి దగ్గరపడుతుండగా దిగింది. అప్పటికి చీకటి పడింది, ఆడవాళ్ళు లేచారు. నాకు ఫోను వచ్చింది. సారు మైకు పట్టుకోబోతున్నారు, కెమెరాలు తిరుగుతున్నాయి, మీ ఊరివాళ్ళు ఒక్కరు కదలొద్దు, నువ్వు గేటు దగ్గర నిలబడు అన్నారు. నిలబడ్డాను. రెండు చేతులూ చాచి, మా ఊరి ఆడవాళ్ళకు, వరుసకు చిన్నమ్మలు, వదినెలు, అక్కలు అయ్యేవాళ్ళకు అడ్డంగా నిలబడ్డాను. ఒక ముసలమ్మ నా చెయ్యి పక్కకు తోసి, "బర్రె ఇంక పాలు పిండలే కొడుకా, నువ్వొచ్చి పిండుతవా?" అని అడిగింది. ఆ మాటకు జవాబు చెప్పలేకపోయాను. అయినా ఇరవై నిమిషాలు ఆపగలిగాను. మరునాడు పత్రికలో పడిన ఫొటోలో కనబడ్డ జనంలో ఆ ఇరవై నిమిషాలు కూడా ఉన్నాయని మీకు ఎవరూ చెప్పి ఉండరు.

తిరుగు ప్రయాణంలో రాత్రి పదిన్నరకు, మా ఊరి మూలమలుపు దగ్గర ఒక ట్రాక్టర్ ట్రాలీ గుంతలో పడి పక్కకు ఒరిగింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు, దేవుడి దయ. పొలం పనికి తీసుకున్న ట్రాలీలో మనుషులను ఎక్కించడం చట్టం ఒప్పుకోదనీ, అలా ఎక్కినవాళ్ళకు ఏమైనా జరిగితే బీమా కంపెనీ పైసా ఇవ్వదనీ మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ట్రాలీలో ఉన్న పాతికమందికి తెలియదు. వాళ్ళను ఎక్కించింది నేను. ఇందులో మీ తప్పెంతో నా తప్పూ అంతే ఉందని ఒప్పుకుంటున్నాను, మీరు కూడా ఎప్పుడైనా ఒప్పుకుంటారేమో చూడాలి.

రెండో రోజు కిరాయి అన్నారు కదా. రెండో రోజు మీ ఫోను మోగింది, ఎవరూ ఎత్తలేదు. నాలుగో రోజు మీ పీఏగారు ఎత్తి, లెక్కలు పైనుంచి రావాలన్నారు. వారం తరువాత, అభ్యర్థి పేరు ఖరారైంది కనుక ఇక ఆయన్ను అడగాలన్నారు. అభ్యర్థిగారు సభ తన నామినేషన్‌కు ముందు జరిగింది కనుక తనకు సంబంధం లేదన్నారు. ఇక్కడే నాకు కొంచెం చదువు అబ్బింది. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 77వ సెక్షన్ ప్రకారం అభ్యర్థి రాయవలసిన ఖర్చు నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చే రోజు వరకే. శాసనసభ అభ్యర్థికి 40 లక్షల రూపాయల పరిమితి కూడా దానికే. నామినేషన్ తరువాత అయితే కుర్చీకి, టెంటుకు, టీ కప్పుకు కూడా జిల్లా అధికారులు రేటు కట్టి లెక్క రాస్తారు. పార్టీ తన ఖర్చును శాసనసభ ఎన్నికలు ముగిసిన 75 రోజుల్లోగా ఎన్నికల సంఘానికి ఇవ్వాలి, అందులో మా ఊరి తొమ్మిది బండ్లు ఉంటాయని అనుకునేంత అమాయకుణ్ణి కాను. అంటే మా బండ్లు అభ్యర్థి లెక్కలో లేవు, పార్టీ లెక్కలో లేవు, కిరాణా దుకాణం నోటుబుక్కులో మాత్రమే ఉన్నాయి. ప్రచారం అంత తొందరగా, నామినేషన్ల కంటే అంత ముందుగా ఎందుకు మొదలవుతుందో అప్పుడు అర్థమైంది.

కుర్చీలు అద్దెకిచ్చినవాడు ముందు డబ్బులు చేతిలో పడితే గానీ లారీ నుంచి కుర్చీలు దించడు. సౌండ్ సిస్టం వాడూ అంతే, ఎల్ఈడీ తెరల వాడూ అంతే. మైదానంలో బాకీ పడింది ఒక్క మనుషులకే.

అడిగేవాళ్ళు మీ ఇంటికి రాలేరు కనుక మా ఇంటికి వచ్చారు. ఆడవాళ్ళ కైకిలి డబ్బులు ఆపడం నాకు చేతకాలేదు. నూటికి రెండు రూపాయల మిత్తికి 40,000 తెచ్చాను. మీరిచ్చిన పది వేలతో కలిపి ఆడవాళ్ళందరికీ, ఆటోలకు, ట్రాక్టర్లకు పూర్తిగా ఇచ్చేశాను. మిగిలిన 2,900 డీసీఎం యజమానికి ఇచ్చాను, ఆయనకు ఇంకా 6,100 బాకీ ఉన్నాను. తెచ్చిన అప్పుకు నెలకు 800 చొప్పున ఇరవై ఆరు నెలల మిత్తి 20,800 కట్టాను. అసలు అలాగే ఉంది. ఆ మిత్తిని మీ ఖాతాలో వేయడం లేదు, అది నేను మీ మాట నమ్మినందుకు కట్టుకున్న జరిమానా అనుకుంటాను. అప్పుడప్పుడు అలా అనుకోలేకపోతున్నాను.

మొదటి దరఖాస్తు మీరు ప్రమాణస్వీకారం చేసి మొదటిసారి హనుమకొండకు వచ్చిన రోజు పూలదండతో కలిపి ఇచ్చాను. దండ మీ మెడలో పడింది, కాగితం గన్‌మెన్ చేతిలోకి పోయింది. రెండోది క్యాంపు కార్యాలయంలో ఇచ్చాను, దానికి ఒక నంబరు వేసి ఇచ్చారు, ఆ నంబరుతో ఏం చేయాలో చెప్పలేదు. మూడోది పార్టీ ముఖ్యుల ద్వారా పంపాను. దానికి జవాబుగా, పాత విషయాలు తవ్వేవాళ్ళకు నామినేటెడ్ పదవులు రావని కబురు వచ్చింది. నేను పదవి అడిగిన సందర్భం ఏదీ నాకు గుర్తు లేదు. ఆ ముఖ్యుడికి ఎందుకలా తోచిందో, బహుశా తన అనుభవం అయి ఉంటుంది.

మీ మీద కోపంతో పార్టీ మారతానని అనుకోవద్దు. మా నాయన ఈ జెండానే మోశాడు, మా ఇంటి గోడ మీద రంగు కూడా అదే. ఎదుటి పార్టీ కార్యకర్త మా పక్కింటివాడే, వాడికి వాళ్ళ నాయకుడి దగ్గర 31,000 రావాలి. ఇద్దరం ఒకే దుకాణం ముందు కూర్చుని టీ తాగుతాం, ఒకరి నాయకుణ్ణి ఒకరం తిట్టుకోవడం మానేసి చాలా రోజులైంది.

మీరు చేయవలసింది పెద్ద పని కాదు. పాత బాకీ 46,100 ఇప్పించండి. ఈసారి సభకు బండ్లు కావాలంటే ఎన్ని బండ్లో, కిరాయి ఎంతో, ఎవరు ఇస్తారో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టించండి, లేదా పార్టీయే నేరుగా బండి యజమాని ఖాతాలో వేయాలి. ట్రాలీల్లో మనుషులను ఎక్కించమని చెప్పకండి. సభ మూడు గంటలకు అంటే ఏడింటికి కాకుండా కనీసం అయిదింటికైనా మొదలుపెట్టించండి. ఊరికి ఇంతమంది అని వాటాలు వేయడం ఆపండి. పాత బాకీ ఇప్పించండి అని ముందే రాశాను, మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే మిగిలినవన్నీ మీరు ఒప్పుకుని ఇది ఒక్కటి మరచిపోతారని భయం.

పైన రాసిన మూడు వందల వాటాకు నేను ఇంకా ఒప్పుకోలేదు. మండల అధ్యక్షుడు ప్రతి రోజు ఫోను చేసి జాబితా అడుగుతున్నారు. బండ్ల కోసం ఆ డీసీఎం యజమానినే అడగాలి, మా చుట్టుపక్కల పెద్ద బండ్లు ఆయనవే. వచ్చే నెలలో ఆయన కూతురి పెళ్ళి. మొన్న శుభలేఖ ఇవ్వడానికి ఇంటికి వచ్చి, మంచినీళ్ళు తాగి, బాకీ మాట ఎత్తకుండానే వెళ్ళిపోయారు. తమరు మిగతాదంతా తరువాత చూసుకున్నా సరే, ఆ 6,100 మాత్రం పెళ్ళికి ముందు ఆయనకు ముట్టేలా చూడగలరని ప్రార్థిస్తున్నాను. అవి ముట్టినట్టు ఆయన నోటితో విన్న రోజున జాబితా గురించి మాట్లాడతాను.

ఇట్లు,
మీ విధేయుడు,
గ్రామశాఖ మాజీ అధ్యక్షుడు,
పరకాల ప్రాంతం, హనుమకొండ జిల్లా.