కాటి సీనుకు వన్స్‌మోర్ కొట్టిన జిల్లా ఇది

సంపాదకులు గారికి నమస్కారం.

గుంటూరు కొత్తపేటలో ముప్ఫై ఏళ్లుగా మైక్ సెట్ షాపు నడుపుతున్నాను. పోయిన ఆదివారం మీ ఫ్యామిలీ పేజీలో గోతిక్ సంగీతం గురించి వచ్చిన వ్యాసం చదివాను. అది దెయ్యాల పూజ అనీ, తల్లిదండ్రులు పిల్లల ఫోన్లలోంచి ఆ పాటలు వెంటనే తీసేయాలనీ రాశారు. అందులో ఒక్క ఆల్బమ్ పేరు లేదు, ఒక్క పాట విన్న జాడా లేదు. మా అమ్మాయి ఆ పేజీని మడిచి నా బల్ల మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా కాలేజీకి వెళ్లిపోయింది. తను బీటెక్ రెండో సంవత్సరం. నల్ల టీషర్టులు వేసుకుంటుంది, ఈ పాటలే వింటుంది. కొంతకాలంగా తనతోపాటు నేనూ వింటున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మన సంగతి చెప్పాలి. మా నాన్నగారి రోజుల్లో మా షాపును నిలబెట్టింది పౌరాణిక నాటకాలే. నరసరావుపేట, సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్లకు గొట్టం మైకులు, ఆంప్లిఫైయర్ ట్రాక్టర్‌లో వేసుకుని వెళ్లేవాళ్లం. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను వచ్చేసరికి అర్ధరాత్రి దాటేది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కలిపి పాడటం ఆనవాయితీ. ఇద్దరూ మన ఉమ్మడి గుంటూరు జిల్లా వాళ్లే. సమాధులు, చితి మంటలు, గుడ్లగూబలు, పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లి, అన్నీ ఆ సీనులో ఉంటాయి. ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకునేవాళ్లు. మగవాళ్లు లేచి నిలబడి వన్స్‌మోర్ అని అరిచేవాళ్లు. ఒక రాత్రి ఒకే పద్యం మూడుసార్లు పాడించారు. చాపల మీద కూర్చుని పిల్లలూ చూసేవాళ్లు. దాన్ని ఎవరూ దెయ్యాల పూజ అనలేదు.

ఇక గోతిక్ సంగీతం ఇంగ్లండ్‌లో 1970ల చివర్లో పుట్టింది. బౌహౌస్ అనే బ్యాండ్ 1979లో తొమ్మిది నిమిషాలకు పైగా సాగే ఒక పాట విడుదల చేసింది. పాత సినిమాల్లో డ్రాకులా వేషం వేసిన బేలా లుగోసీ అనే నటుడి మీద పాట అది. చాలామంది అక్కడి నుంచే గోతిక్ రాక్ లెక్క మొదలుపెడతారు. అందులో గిటార్ కంటే బేస్ ముందు నడుస్తుంది, డప్పు ఒకే నడకలో పోతుంది, గొంతు లోతుగా ఉంటుంది. ఆ బ్యాండ్‌లో పాడిన పీటర్ మర్ఫీ 2025లో కూడా 'సిల్వర్ షేడ్' అనే ఆల్బమ్ తెచ్చాడు. గొంతు ఇంకా గట్టిగానే ఉంది. ఒకసారి వినవచ్చు.

నేను అందరికీ వినమని చెప్పేది మాత్రం ది క్యూర్ బ్యాండ్ వాళ్ల 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్'. 2024 నవంబర్ 1న వచ్చింది. దానికి ముందు ఆల్బమ్ 2008లోది, అంటే పదహారేళ్ల ఎడం. ఎనిమిదే పాటలు, మొత్తం యాభై నిమిషాల లోపు. మొదటి పాట 'అలోన్'లో గొంతు వినిపించడానికి మూడు నిమిషాలు దాటుతుంది. చివరి పాట పది నిమిషాల పైన ఉంటుంది, అందులో ఆరు నిమిషాలు దాటాక గానీ పాడటం మొదలుకాదు. పిల్లలకు ఓపిక లేదంటాం కదా, మా అమ్మాయి, తన స్నేహితురాళ్లు ఆ ఆరు నిమిషాలూ కదలకుండా కూర్చుంటారు. నాకు హార్మోనిస్టు రాగం పట్టి, హరిశ్చంద్రుడు తెర వెనక నుంచి అడుగులో అడుగు వేసుకుంటూ రావడం గుర్తొస్తుంది.

ఆ ఆల్బమ్‌లో ఆరో పాట 'ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై'. ఒక రాత్రి షాపు కట్టేసే వేళ మా అమ్మాయి దాన్ని పెద్ద బాక్సుల మీద పెట్టింది. పియానో మీద నాలుగు ముక్కలు, అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. నాకు ఇంగ్లీషు పాట అంత తొందరగా అర్థం కాదు. "నాన్నా, ఇది వాళ్ల అన్నయ్య చనిపోయినప్పుడు రాసుకున్న పాట" అంది. రాబర్ట్ స్మిత్ అనే ఆ గాయకుడికి ఆల్బమ్ వచ్చేనాటికి 65 ఏళ్లు.

మా అన్నయ్య 2021 మే నెలలో కోవిడ్‌తో పోయాడు. ఇద్దరం కలిసి నడుపుకున్న షాపు ఇది. ఆస్పత్రి లోపలికి నన్ను పోనివ్వలేదు. ఫోన్‌లో ఆఖరిసారి మాట్లాడినప్పుడు, కొత్త ఆంప్లిఫైయర్ వారంటీ కాగితం ఎక్కడ పెట్టాడో చెప్పాడు. బొంగరాలబీడు శ్మశానానికి నలుగురమే వెళ్లాం. మైకు లేదు, మేళం లేదు. వేల పెళ్లిళ్లకు, చావులకు మైకు కట్టిన మనిషిని చప్పుడు లేకుండా పంపించాం. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. మూడేళ్ల తర్వాత, ఎప్పుడూ చూడని దేశంలో ఒక ముసలాయన వాళ్ల అన్న కోసం పాడుతుంటే వచ్చింది. మా అమ్మాయి పాట ఆపలేదు. పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. మీ వ్యాసం ప్రకారం ఆ పాటను తన ఫోన్‌లోంచి తీసేయాలి.

ఈ ఆల్బమ్‌ను ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. డ్రమ్ములు, గిటార్లు ఒకదాని మీద ఒకటి మందంగా పేర్చారు, చిన్న స్పీకర్‌లో అంతా ముద్దయిపోతుంది. కనీసం మంచి హెడ్‌ఫోన్ కావాలి. ఇదే పాటలను వేరేవాళ్ల చేత మార్పించి 2025లో 'మిక్సెస్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' అని తెచ్చారు. పెద్ద ఎడిషన్‌లో 24 ముక్కలున్నాయి. దాన్ని వదిలేయవచ్చు. తమకు వచ్చే రాయల్టీని, యుద్ధాల్లో నలిగిన పిల్లల కోసం పనిచేసే సంస్థకు ఇచ్చారు, ఆ పనికి దండం పెడతాను. కానీ అన్న కోసం ఏడ్చిన పాటకు డాన్స్ దరువు వేస్తే నా మనసు ఒప్పుకోలేదు.

డెపెష్ మోడ్ అనే బ్యాండ్ వాళ్ల 'మెమెంటో మోరి' 2023 మార్చిలో వచ్చింది. చావు ఉందని మరిచిపోకు అని ఆ లాటిన్ మాటకు అర్థం. పాటలు చాలావరకు సిద్ధమయ్యాక, 2022 మేలో వాళ్ల మూడో మనిషి ఆండీ ఫ్లెచర్ పోయాడు. మిగిలిన ఇద్దరే పూర్తి చేశారు. కీబోర్డు శబ్దం శుభ్రంగా, విడివిడిగా వినిపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే సులువు.

బెలారస్‌లోని మిన్స్క్ నుంచి వచ్చిన మోల్చత్ దోమా అనే ముగ్గురి బ్యాండ్ పాటలు మన పిల్లలు షార్ట్ వీడియోల్లో చాలామంది వినే ఉంటారు. వాళ్లు రష్యన్‌లో పాడతారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, చలిలో బస్సు కోసం నిలబడ్డట్టు ఉంటుంది. డ్రమ్మర్ లేడు, డ్రమ్ మెషీనే. (ఈ జాతి సంగీతంలో అది పాత అలవాటు. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే పాత బ్యాండ్ తమ డ్రమ్ మెషీన్‌కు డాక్టర్ అవలాంచ్ అని పేరు కూడా పెట్టుకుంది.) మోల్చత్ దోమా వాళ్ల 2024 ఆల్బమ్ 'బెలయా పొలొసా', అంటే తెల్ల చార. మంచి రోజులను రష్యన్లు అలా అంటారట. శబ్దం మునుపటికంటే నునుపుగా ఉంది. నాకైతే 2018 నాటి 'ఎతజి'లోని గరుకే ఇష్టం. మొదట అది వినండి.

చెల్సీ వుల్ఫ్ అనే అమెరికన్ గాయని 2024 ఫిబ్రవరిలో తెచ్చిన 'షీ రీచెస్ ఔట్ టు షీ రీచెస్ ఔట్ టు షీ' కూడా వినదగ్గదే. ఆమె తాగుడు మానేసిన తర్వాత చేసిన ఆల్బమ్ ఇది. పాతబడిన తనను వదిలి కొత్త తనను అందుకోవడం గురించి పాడింది. గొంతు చెవి దగ్గర గుసగుసలా మొదలై, వెనక నుంచి బేస్ వరదలా వస్తుంది. పిల్లలను చెడగొట్టే సంగీతం అన్నవాళ్లు దీన్ని ఒకసారి వినాలి.

ఇష్టం లేనిదీ చెప్పాలి. ఎథెల్ కెయిన్ అనే అమెరికన్ గాయని 2025 జనవరిలో విడుదల చేసిన 'పర్వర్ట్స్' దాదాపు గంటన్నర. పేరు చూస్తేనే తల్లిదండ్రులకు టెన్షన్ వస్తుంది. లోపల ఎక్కువ భాగం గుయ్‌మనే హమ్మింగే, అక్కడక్కడా మాటలు. మొదట్లో ఒక పాత చర్చి కీర్తన అరిగిపోయిన టేపులా వినిపిస్తుంది. మన ఊళ్లో ఎన్నో చర్చిలకు మైకులు కట్టాను, ఆ కీర్తన నాకు వెంటనే తెలిసింది. ఆ ఒక్క నిమిషం ఒళ్లు గగుర్పొడిచింది. తర్వాత నలభై నిమిషాలు ఓపిక పట్టాను, ఇక నావల్ల కాలేదు. మా అమ్మాయికి అది ఇష్టం, చీకట్లో పడుకుని వింటుంది. ఇద్దరం వాదించుకున్నాం. మొదటిసారి వినేవాళ్లు దాన్ని వదిలేయండి అనే చెబుతాను.

వ్యాసంలో ఒక భయం నిజమైనదే. దిగులుతో ఉన్న పిల్లలు ఈ పాటల దగ్గరకు వస్తారు. అయితే పిల్ల అన్నం మానేసినా, నిద్రపోకపోయినా, నలుగురిలోకి రావడం మానేసినా పక్కన కూర్చుని అడగాలి, డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి. ఫోన్‌లోంచి పాటలు తీసేస్తే ఆ దిగులు పోదు. పైగా ఆ పిల్ల ఇక మనకు ఏమీ చెప్పదు.

మీ పేపర్‌లో సినిమా పాటలకు వారానికి ఒక పేజీ ఇస్తున్నారు. నెలకు ఒక్కసారి పావు పేజీ ఇలాంటి ఆల్బమ్‌లకు ఇవ్వండి. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని, విన్నవాళ్ల చేత రాయించండి. ఆ వ్యాసం రాసినవారు వీలుంటే ఒక సాయంత్రం మా షాపుకు రావాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. ఎనిమిది దాటాక బేరాలుండవు. పెద్ద బాక్సుల మీద ఆ ఆరో పాట వినిపిస్తాను. మా దగ్గర నాన్నగారు రికార్డు చేసిన కాటి సీను క్యాసెట్ ఒకటి ఇంకా పాడుతోంది, అదీ వినిపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
కొత్తపేట, గుంటూరు