మాస్టర్ ప్లాన్ మీద మేం రాసిచ్చిన అభ్యంతరాలకి జవాబు ఇప్పించండి: మున్సిపల్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను తెలంగాణలో ఒక చిన్న మున్సిపాలిటీలో ఉంటాను సార్. ఊరి పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే మీ పేషీ నుంచి ఆ ఒక్క కమిషనర్‌కి ఒక ఫోన్ పోతుంది, ఆయన ఒక రిపోర్ట్ పంపుతారు, ఫైల్ క్లోజ్ అయిపోతుంది. నేను అడిగేది ఒక్క ఊరి సంగతి కాదు, రాష్ట్రంలో మాస్టర్ ప్లాన్, అంటే రాబోయే ఇరవై ఏళ్ళు ఊరు ఎలా పెరగాలో, ఏ భూమి దేనికి వాడాలో తేల్చే ప్లాన్, తయారయ్యే ప్రతి ఊరి సంగతి. డ్రాఫ్ట్ ప్లాన్ మీద జనం రాసిచ్చిన ప్రతి అభ్యంతరానికి, కౌన్సిల్ తీర్మానం చేసేలోపే, ఒప్పుకుంటున్నారో లేదో, ఎందుకో, కాగితం మీద రాసి ఆ మనిషి చేతికి ఇవ్వాలని ఒక జీవో తీయండి. నేను అడిగేది ఇదే.

ఇప్పుడు ఏం జరుగుతుందో మీకు పై నుంచి కనపడేది వేరు, కింద కౌంటర్ దగ్గర నిలబడితే కనపడేది వేరు. పై నుంచి చూస్తే అంతా పద్ధతి ప్రకారమే ఉంటుంది, డ్రాఫ్ట్ పబ్లిష్ చేశారు, పేపర్లో నోటిఫికేషన్ వేశారు, అభ్యంతరాలకి గడువు ఇచ్చారు, వచ్చినవి తీసుకున్నారు, కౌన్సిల్‌లో పెట్టారు, పాసయింది. ఫైల్‌లో ఎక్కడా తప్పు దొరకదు.

కింద చూస్తే, మా దగ్గర మ్యాప్ ఫ్లెక్సీ ప్రింట్ తీసి ఆఫీస్ గోడకి వేలాడదీశారు. ఇళ్ళ జోన్ పసుపు, ఇండస్ట్రియల్ ఊదా, పార్కులు గ్రీన్‌బెల్ట్ ఆకుపచ్చ, కొత్తగా వేయబోయే రోడ్లు మందపాటి గీతలు. సర్వే నంబర్లు ఉన్నాయి కానీ ఎంత చిన్నగా అంటే ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేస్తే అంకెలు చెదిరిపోయి 118 అనేది 113లాగా కనపడుతుంది. మా పక్క ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన పట్టా పాస్‌బుక్ చేతిలో పట్టుకుని ఆ ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. వాళ్ళ ఊరిని మున్సిపాలిటీలో కలిపారు, అందుకే ప్లాన్‌లోకి వచ్చింది. "సారూ నా నంబర్ ఏడుంది, నా చెల్క మీద గా రంగు ఏంది" అని అక్కడున్న కుర్రాడిని అడిగితే అతను తెలిసినంత వరకు చూశాడు, తర్వాత "ఏమన్నా ఉంటే రాసియ్యి కాకా, సార్లు చూస్తరు" అన్నాడు. ఆ కుర్రాడిని నేనేం అనట్లేదు, అతనికి ఆ మ్యాప్ గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. రాసివ్వాలంటే ముందు ఏం పోతుందో తెలియాలి కదా సార్, తన భూమి ఏ జోన్‌లో పడిందో తెలియని మనిషి దేని మీద అభ్యంతరం రాస్తాడు?

చివరికి ఎవరో ఒకరు రాసిపెట్టారు, కాగితం లోపల ఇచ్చాడు, ఇన్‌వార్డ్ ముద్ర వేసి జిరాక్స్ కాపీ చేతిలో పెట్టారు. అంతే, ఆ తర్వాత ఆయనకి మున్సిపాలిటీ నుంచి ఏ కబురూ రాలేదు. ఆయనకే కాదు, నాకు తెలిసి ఇచ్చినవాళ్ళలో ఎవరికీ రాలేదు. వచ్చిన కాగితాలన్నీ ఒక కట్ట కట్టారు, తర్వాత కౌన్సిల్ మీటింగ్‌లో ఆ ఐటమ్ వచ్చింది, అది కూడా ముందు పంచిన అజెండాలో లేదు, టేబుల్ అజెండాగా అప్పటికప్పుడు పెట్టారు. నల్లా బిల్లులు, వీధిలైట్లు, ట్రాక్టర్ల రిపేర్లు, వాటి మధ్యలో రాబోయే ఇరవై ఏళ్ళ ఊరు. ఒక కౌన్సిలర్ లేచి అభ్యంతరాలు ఎన్ని వచ్చాయి, వాటిలో ఏముంది అని అడిగితే "పరిశీలించాం, టౌన్ ప్లానింగ్ వాళ్ళు చూశారు" అన్నారు, ఇంకెవరో తర్వాతి ఐటమ్ అన్నారు, మినిట్స్‌లో మాత్రం "సభ ఆమోదించడమైనది" అని ఎక్కింది. ఆ కౌన్సిలర్ అడిగిన ప్రశ్న మినిట్స్‌లో లేదు. అది నాకు అన్నిటికంటే బాధ అనిపించింది, ఎందుకంటే రేపు ఎవరైనా కోర్టుకి పోయినా, ఆర్‌టీఐ వేసినా, అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు అనే రికార్డు ఉంటుంది.

ఇది చిన్న విషయం అనుకోకండి. మ్యాప్‌లో ఊదా రంగు పడిన చెల్కలో రేపు కొడుకు ఇల్లు కట్టుకుంటానంటే పర్మిషన్ దొరకదు. ప్రపోజ్డ్ రోడ్ గీత పోయిన ప్లాటులో, రోడ్డు పదేళ్ళకి వేస్తారో ఇరవై ఏళ్ళకి వేస్తారో తెలియదు, భూసేకరణ కాలేదు కాబట్టి పరిహారం రాదు, కానీ గీత ఉంది కాబట్టి కట్టుకోడానికి లేదు, అమ్ముదామంటే కొనేవాడు ముందు మాస్టర్ ప్లాన్ చూసుకుని వెనక్కి పోతాడు, బ్యాంకువాడూ అంతే. టీడీఆర్ ఇస్తాం అంటారు, అంటే పోయిన స్థలానికి బదులుగా వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు కాగితం, దాన్ని ఇంకొకరికి అమ్ముకోవచ్చు, పది అంతస్తులు లేచే సిటీలో ఆ కాగితానికి విలువ ఉంటుంది, మా లాంటి ఊళ్ళో రెండంతస్తుల పైకి కట్టేవాళ్ళే తక్కువ, అది ఎవరికి అమ్ముకోవాలి? రోడ్లు వద్దని, పార్కులు వద్దని నేను అనట్లేదు సార్, ప్లాన్ లేకుండా పెరిగిన కాలనీల్లో వానొస్తే నీళ్ళు ఎటు పోవాలో తెలియని పరిస్థితి మేమే చూస్తున్నాం, ప్లాన్ ఉండాల్సిందే. గీత ఇటు కాకుండా అటే ఎందుకు పోయింది, పక్కన సర్కారు భూమి ఉండగా పట్టా భూమి మీదే ఎందుకు పడింది, అనేది అడిగినవాడికి జవాబు రావాలి అంటున్నాను.

కామారెడ్డి మీకు గుర్తుండే ఉంటుంది. 2022 చివర్లో అక్కడ డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్ వచ్చింది, ఇండస్ట్రియల్ జోన్, వంద ఫీట్ల రోడ్డు తమ పంట పొలాల మీద పడ్డాయని చుట్టుపక్కల ఊళ్ళ రైతులు రోడ్డెక్కారు. 2023 జనవరిలో కలెక్టరేట్ ముట్టడి, బంద్, పోలీసులతో తోపులాట, ఒక రైతు ఉరేసుకుని చనిపోయాడు, భూమి పోతుందన్న దిగులుతోనే అని ఊరివాళ్ళు అన్నారు. ఇది డ్రాఫ్ట్ మాత్రమే, అభ్యంతరాలు చెప్పుకోవచ్చు అని ప్రభుత్వం అప్పుడు చెప్పింది. మాట నిజమే, డ్రాఫ్టే. కానీ జనం ఎందుకు నమ్మలేదు? రాసిచ్చిన కాగితానికి జవాబు వచ్చిన అనుభవం ఎవరికీ లేదు కాబట్టి నమ్మలేదు. చివరికి జనవరి 20న కామారెడ్డి కౌన్సిల్ ఆ డ్రాఫ్ట్‌ని రద్దు చేస్తూ తీర్మానం చేసింది, అదే రోజు జగిత్యాల కౌన్సిల్ కూడా వాళ్ళ డ్రాఫ్ట్‌ని పక్కన పెట్టింది. కౌన్సిల్ తలుచుకుంటే చేయగలదని తేలింది, కానీ దానికి ఒక ఊరు ఊరంతా రోడ్డు మీదికి రావాల్సి వచ్చింది. రోడ్డెక్కలేని ఊళ్ళ పరిస్థితి ఏంటి? నలుగురు రైతులే నష్టపోయే చోట, ఒక ముసలమ్మ ఒక్కతే నష్టపోయే చోట, బంద్ ఎవరు చేస్తారు?

చట్టం లేదా అంటే ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది, దాంతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకి ఇవ్వాల్సిన 18 అంశాలు ఉంటే మొట్టమొదటిది పట్టణ ప్రణాళికే. అంటే ఊరు ఎలా పెరగాలో ఊరివాళ్ళు తేల్చుకోవాలని రాజ్యాంగంలోనే రాసుకున్నాం. 2005 సమాచార హక్కు చట్టం తీసుకోండి, అందులో సెక్షన్ 4 ప్రకారం జనం మీద ప్రభావం పడే ముఖ్యమైన నిర్ణయం తీసుకుంటుంటే దానికి సంబంధించిన విషయాలన్నీ ఎవరూ అడగకుండానే బయటపెట్టాలి, నిర్ణయం వల్ల నష్టపోయేవాళ్ళకి దాని కారణాలు చెప్పాలి. దరఖాస్తు అక్కర్లేదు, పది రూపాయల స్టాంపు అక్కర్లేదు, ఆఫీసే తనంతట తాను చేయాల్సిన పని అది. ఇక మన 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం అయితే ప్రతి వార్డుకి నాలుగు కమిటీలు పెట్టమంది, యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు, ఒక్కోదాంట్లో 15 మంది. లెక్కేస్తే ఒక వార్డులో 60 మంది. ఆ 60 మందిని మాస్టర్ ప్లాన్ మ్యాప్ ముందు కూర్చోబెట్టి మీ వార్డులో ఇది వస్తుంది, ఇది పోతుంది అని గంటసేపు చెప్తే చాలు, సగం గొడవలు అక్కడే తీరతాయి. ఉన్న ఏర్పాటే ఇది, మా దగ్గర ప్లాన్ విషయంలో ఆ కమిటీలని పిలిచిన దాఖలా నేను చూడలేదు.

నాకు అర్థం కానిది ఒకటుంది, దయచేసి దీని మీద కాస్త ఆలోచించండి. ఒక ఫ్యాక్టరీ పర్యావరణ అనుమతి కోసం వస్తే 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి, దానికి కనీసం 30 రోజుల ముందు నోటీస్ ఇవ్వాలి, వచ్చినవాళ్ళందరి మాటలు వినాలి, మొత్తం వీడియో తీయాలి, అన్నిటికంటే ముఖ్యం, సభ అయిపోయే ముందు ఎవరెవరు ఏమేం అన్నారో అదంతా స్థానిక భాషలో అక్కడే చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి. ఆ సభల్లో ఎన్ని లోపాలున్నాయో నాకూ తెలుసు, టెంట్ కింద సగం మంది కంపెనీ మనుషులే ఉంటారని అందరూ చెప్పుకునేదే, అయినా నువ్వు అన్న మాట రికార్డులో ఎక్కింది అని మనిషి తన చెవులతో వినే వీలు అక్కడ ఉంది. ఒక్క ఫ్యాక్టరీకి అంత పద్ధతి ఉన్నప్పుడు, వంద ఫ్యాక్టరీలు ఎక్కడ రావాలో తేల్చే జోనింగ్‌కి ఒక ఫ్లెక్సీ, ఒక ఇన్‌వార్డ్ ముద్ర సరిపోతాయా?

అభ్యంతరాలు వేలల్లో వస్తే అన్నిటికీ జవాబు ఎలా ఇస్తాం, స్టాఫ్ లేరు అని మీ అధికారులు అంటారు. స్టాఫ్ లేరన్నది నిజం, చాలా చిన్న మున్సిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఒకరిద్దరే ఉంటారు, ఆ ఒక్కరే పర్మిషన్లు చూడాలి, అక్రమ కట్టడాలు చూడాలి, పైగా పక్క మున్సిపాలిటీ ఇన్‌ఛార్జ్ కూడా. కానీ ఢిల్లీ చూడండి. 2041 మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్ 2021 జూన్‌లో పెడితే దాదాపు 33 వేల అభ్యంతరాలు, సూచనలు వచ్చాయి, వాటిని వినడానికే ఒక బోర్డు ఉంది, అది విడతలు విడతలుగా కూర్చుని రాసిచ్చినవాళ్ళని పిలిచి విన్నది. అక్కడ అంతా బాగుందని నేను చెప్పట్లేదు, ఆ ప్లాన్ ఏళ్ళ తరబడి ఆగింది. వినడం అనేది సాధ్యమే అని మాత్రం చెప్తున్నాను. మా ఊళ్ళలో వచ్చేది వందల్లోనే, అందులో కూడా ఒకే రోడ్డు మీద నలభై మంది రాస్తే నలభై జవాబులు అక్కర్లేదు, ఒక్కటే జవాబు నలభై మందికి పంపొచ్చు. కన్సల్టెన్సీకి ప్లాన్ గీసినందుకు డబ్బులిస్తున్నారు కదా, అభ్యంతరాలకి జవాబులు రాసే పని కూడా వాళ్ళ అగ్రిమెంట్‌లోనే పెట్టండి, ఆ గీత ఎందుకు అక్కడ గీశారో గీసినవాళ్ళకే బాగా తెలుసు.

జీవోలో ఏముండాలో నాకు తోచింది రాస్తాను, మీ అధికారులు ఇంతకంటే బాగా రాయగలరు. మ్యాప్‌తో పాటు తెలుగులో ఒక పట్టిక ఇవ్వాలి, సర్వే నంబర్, ఇప్పుడు ఏ వాడకంలో ఉంది, ప్లాన్‌లో ఏ జోన్, రోడ్డు పోతుంటే ఎన్ని ఫీట్లు, అంతే, దీన్ని మున్సిపాలిటీలో కలిసిన ప్రతి ఊరి పాత పంచాయతీ ఆఫీస్‌లో కూడా పెట్టాలి. అభ్యంతరం ఇచ్చిన మనిషికి కౌన్సిల్ మీటింగ్ కంటే కనీసం పదిహేను రోజుల ముందు జవాబు చేరాలి, "పరిశీలించబడినది" అనే ఒక్క మాట జవాబు కింద లెక్కకి రాకూడదు. మాస్టర్ ప్లాన్‌ని టేబుల్ అజెండాలో పెట్టడం పూర్తిగా ఆపాలి, దాని కోసమే ఒక ప్రత్యేక సమావేశం పెట్టాలి, అభ్యంతరాలు జవాబులు అక్కడ చదవాలి, రాసిచ్చినవాళ్ళు హాల్లో కూర్చుని వినే వీలుండాలి. ఏ కౌన్సిలర్ ఏమడిగారో, ఎవరు ఒప్పుకున్నారో ఎవరు ఒప్పుకోలేదో పేర్లతో సహా మినిట్స్‌లో రావాలి. ఇంకొకటి, 2025 జనవరిలో చాలా మున్సిపాలిటీల్లో పాలకవర్గాల గడువు అయిపోయి స్పెషల్ ఆఫీసర్లు వచ్చారు, అట్లా ఎన్నికైన కౌన్సిల్ లేని టైమ్‌లో ఎక్కడా మాస్టర్ ప్లాన్ ఫైనల్ చేయొద్దు, ఎందుకంటే అప్పుడు జనం అడగడానికి వార్డు మనిషి అంటూ ఎవరూ ఉండరు.

ఇవేవీ చేయడానికి అసెంబ్లీలో బిల్లు పెట్టాల్సిన పనిలేదనే నేను అనుకుంటున్నాను, ఇవన్నీ జీవోతో అయ్యేవే. చట్టం మార్చాల్సిందే అని మీ న్యాయ విభాగం అంటే ఆ మాటైనా మాకు రాసి పంపండి, ఎమ్మెల్యేల దగ్గరికి పోయి అడుగుతాం.

మా దగ్గర డ్రాఫ్ట్ ఇప్పుడు ప్రభుత్వానికి పోయింది, ఫైనల్ కాలేదు. ఇలా మీ శాఖ దగ్గర ఆగి ఉన్న డ్రాఫ్టులు ఎన్ని ఉన్నాయో అన్నిటినీ ఒకసారి ఆయా కౌన్సిల్స్‌కి వెనక్కి పంపి, అభ్యంతరాలకి జవాబులు జతచేసి పంపమని అడగండి. రెండు నెలలు ఆలస్యం అవుతుంది, అవ్వనివ్వండి సార్, ఇరవై ఏళ్ళ ప్లాన్‌కి రెండు నెలలు ఎక్కువేం కాదు. ఈ లేఖ కాపీని మీ పేషీకి స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపుతున్నాను, ఆ పెద్దాయన అభ్యంతరం జిరాక్స్ ఆయన అనుమతితోనే దానికి జతచేశాను, దాని మీద ఇన్‌వార్డ్ నంబర్, తేదీ ఉన్నాయి. జవాబు ఆయన అడ్రస్‌కే పంపించండి.

ఇట్లు,
ఒక మున్సిపాలిటీ ఓటరు