చెయిన్ సా కొనేవాళ్లకు

అందరికీ నమస్కారం. తోటల్లో ఎండుకొమ్మలు కొట్టించడానికి రంపం మిషన్ ఏది కొనాలని చాలామంది అడుగుతున్నారు. పెరట్లో మునగ, జామ కొమ్మలకైతే బ్యాటరీది చాలు. మామిడి తోటకు 16 లేదా 18 అంగుళాల బార్ (చెయిన్ తిరిగే పొడవాటి పట్టీ) ఉన్న పెట్రోల్ మిషన్ సరిపోతుంది. రోజూ సరుగుడు, జామాయిల్ కోసేవాళ్లు మాత్రం స్టిల్, హస్క్‌వర్నా లాంటి కంపెనీలవే తీసుకోండి. ధర ఎక్కువే, కానీ విడిభాగాలు దొరికే దుకాణం దగ్గర్లో ఉందో లేదో ముందు చూసుకోండి.

పోయినేడు మా కూలీ తెలియక ఉత్త పెట్రోల్ పోసేశాడు. పావుగంటకే పిస్టన్ పట్టేసింది. సిలిండర్ విప్పి చూస్తే లోపలంతా నిలువు గీతలు! పెట్రోల్‌లో టూ స్ట్రోక్ ఆయిల్ తప్పనిసరిగా కలపాలి. మిషన్ పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకు 20 మి.లీ., 25:1 అయితే 40 మి.లీ. చెయిన్ ఆయిల్ వేరే, దాని ట్యాంకూ వేరే.

పొట్టు చూడండి. పలుకులుగా రాలితే పళ్లు పదునుగా ఉన్నట్టు, పిండిలా రాలితే మొద్దుబారినట్టే. అప్పుడు బలంగా నొక్కకండి, గుండ్రటి ఆకురాయి పట్టండి. .325 అంగుళాల పిచ్ (చెయిన్ లింకుల కొలత) ఉన్న చెయిన్‌కు 4.8 మి.మీ.ది కావాలి. అన్ని పళ్లకూ ఒకే లెక్కన తోపులు, ఒకే వైపుకు.

బార్ కొన మాత్రం కొమ్మకు తగలనివ్వకండి, మిషన్ ఎగిరి ముఖం మీదికే వస్తుంది. చెయిన్ బ్రేక్ (చెయిన్‌ను వెంటనే ఆపేది) పనిచేయని మిషన్‌ను ఎవరి చేతికీ ఇవ్వొద్దు, దండం పెట్టి చెబుతున్నాను.

ఆకురాయి పట్టడం చూడాలంటే ఆదివారం పొద్దున మా తోటకు రండి.