మన సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. లెక్కలు ట్రెజరర్ గారు విడిగా గ్రూప్‌లో పెడతారు, ఇక్కడ స్ట్రోక్ (పక్షవాతం), పార్కిన్సన్స్ లాంటివాటితో మంచానపడ్డవాళ్ల కోసం, వాళ్లని చూసుకునేవాళ్ల కోసం మన సంఘం చేసిన పనుల గురించే రాస్తున్నా.

ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్లలో స్ట్రోక్ వచ్చినవాళ్లే ఎక్కువ, తర్వాత పార్కిన్సన్స్ (వణుకుతో కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు), బైక్ యాక్సిడెంట్లో వెన్నుపూస దెబ్బతిన్న కుర్రాళ్లు. అందరిదీ ఇంచుమించు ఒకటే కథ, హాస్పిటల్లో ప్రాణం నిలబెట్టి పంపిస్తారు, ఇంటికొచ్చాక కొన్నాళ్లు ఫిజియో వస్తాడు, డబ్బులైపోగానే మానిపించేస్తారు, ఇంక ఇంతేలే అని మనిషిని మంచానికి వదిలేస్తారు. మొదటి నెలల్లో మార్పు తొందరగా కనిపించే మాట నిజమే, కానీ తర్వాత కూడా ప్రాక్టీస్ చేస్తే మెరుగవుతారు, కాకపోతే నెమ్మదిగా. ఆదివారం ఎక్సర్‌సైజులు అందుకే ఏడాదంతా ఆపలేదు.

అక్కడికొచ్చే రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ గారికి స్ట్రోక్ తర్వాత మాట పోయింది, ఎదురుగా ప్లేట్లో ఇడ్లీ ఉన్నా పేరు నోటికి రాదు, కానీ అందరూ నడక మొదలెట్టగానే "రైట్ రైట్" అని మాత్రం ఖంగుమని వస్తుంది. అలవాటుగా నోట్లో నానిన మాటలు, అంకెలు, పాటలు చాలామందికి అలా మిగులుతాయట, స్పీచ్ థెరపిస్ట్ అక్కడినుంచే మొదలెట్టింది.

ఇళ్లకెళ్లి చేసిన పనులు ఎక్కువ పనికొచ్చాయని నా అభిప్రాయం. వీల్‌చైర్ ఇస్తామని దాతలు క్యూ కడతారు, ఫొటో బాగా వస్తుంది కదా, బాత్రూం గోడకి పట్టుకునే రాడ్ బిగించడానికి మాత్రం ఎవరూ రారు. పార్కిన్సన్స్ ఉన్న ఒక మాస్టారి కాళ్లు బాత్రూం గుమ్మం దగ్గర నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోయేవి, అడుగుకో గీత చొప్పున రంగు టేపు అంటించాం, ఇప్పుడు వాళ్లావిడ "ఏవండీ, గీత దాటండి" అంటే దాటేస్తున్నారు. అందరికీ పనిచేయదు, ఖర్చు మాత్రం టేపు చుట్టే. అలాగే పార్కిన్సన్స్‌కి వాడే లెవోడోపా మాత్ర పప్పన్నం, గుడ్డుతో కలిపి వేసుకుంటే సరిగ్గా పట్టకపోవచ్చు, టైమింగ్ మీ డాక్టర్ని అడగండి.

పెన్షన్ల సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్ (మెదడు, వెన్నుపాములో నరాల పైపొర దెబ్బతినే జబ్బు) కూడా వైకల్యాల కిందికే వస్తాయి, ఇది తెలీక చాలామంది అసలు అప్లై చెయ్యలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పెన్షన్ 6 వేలు, పూర్తిగా మంచానికే పరిమితమైతే 15 వేలు. 6 వేల పెన్షన్‌కి సదరం సర్టిఫికెట్లో (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చేది) కనీసం 40 శాతం ఉండాలి. ఆ పరీక్షకి స్లాట్ దొరకడమే గగనం, సచివాలయం చుట్టూ తిరగడానికి మన కుర్రాళ్లు తోడొస్తున్నారు, మొహమాటపడకండి.

చూసుకునేవాళ్ల మీటింగ్ కూడా ఈ ఏడాదే మొదలైంది. కౌన్సెలింగ్ అడుగుతారనుకున్నాం, వాళ్లడిగింది నిద్ర. పుండ్లు పడకుండా రాత్రంతా రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పాలంటే ఇంక నిద్రెక్కడ? మధ్యాహ్నం పూట వచ్చి కూర్చునేవాళ్లు కావాలి, పేర్లివ్వండి.

చందా పెంచట్లేదు. అటక మీదున్న వాకర్లు, ఎయిర్‌బెడ్లు, కమోడ్ కుర్చీలు ఎవరివైనా ఉంటే ఆదివారం తెచ్చెయ్యండి, ఎయిర్‌బెడ్‌కి గాలి కొట్టే కంప్రెసర్ పాడైనా పర్లేదు, బాగుచేసే అబ్బాయి దొరికాడు.