బుజ్జికి, అండమాన్ వెళ్లేముందు

రాజోలు,
జనవరి 20

బుజ్జీ,

నువ్వూ అల్లుడుగారూ అండమాన్ వెళ్తున్నారని తెలిసి చాలా సంతోషించాం. కానీ మాస్క్, గాలి గొట్టం పెట్టుకుని సముద్రంలో తేలుతూ పగడాలు చూసే ఆ స్నార్కెలింగ్ మాట వచ్చినప్పుడు ఫోన్‌లో "నాకు ఈత వచ్చు కదా నాన్నా" అన్నావు. అప్పటినుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది. అల్లుడుగారికి ఈత రాదు కాబట్టి లైఫ్ జాకెట్ వేసుకుని, గైడ్ దగ్గరుండే తేలే ట్యూబ్‌ని పట్టుకునే ఉంటారు. నా భయం నీ గురించే.

నీకు ఈత నేనే నేర్పాను, మన కాలవలో, నడుముకి ఎండు కొబ్బరికాయలు కట్టి. ఆ కాలవలో ఒక మనిషి బోర్లా తేలుతూ కనిపిస్తే గట్టు మీద ఉన్నవాళ్లంతా కేకలేసుకుంటూ దూకుతారు. స్నార్కెలింగ్‌లో అందరూ బోర్లానే తేలతారు. ముఖం నీళ్లలో, గొట్టం పైకి. వాళ్లలో ఒకరికి స్పృహ తప్పినా అరుపు ఉండదు, చేతులు కొట్టుకోవడం ఉండదు. చూసేవాళ్లకి చేపలు చూస్తున్నట్టే ఉంటుంది. అందుకే చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఇద్దరూ ఉండండి. మాటిమాటికీ తల ఎత్తి ఒకరినొకరు చూసుకోండి. గైడ్ ఉన్నాడు కదా అని వదిలేయకండి, అతను ఇంకా చాలామందిని చూసుకోవాలి.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. చిన్నప్పుడు గోదావరి రేవులో మునక పందేలు వేసుకునేవాళ్లం. గబగబా పది పదిహేనుసార్లు ఊపిరి తీసి వదిలి మునిగితే ఎక్కువసేపు ఉండొచ్చని మా లెక్క. ఒకరోజు నా పక్కన మునిగినవాడు పైకి రాలేదు. పడవ మీద ఉన్న ఒకాయన దూకి, జుట్టు పట్టి లాగాడు కాబట్టి బతికాడు. అలా ఎందుకైందో నాకు సైన్సు మాస్టారినయ్యాకే అర్థమైంది. ఊపిరి తీసుకోవాలనే తహతహ ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు పుడుతుంది. గబగబా ఊపిరి వదిలితే అది ముందే తగ్గిపోతుంది. లోపల ఆక్సిజన్ అయిపోతున్నా ఒళ్లు మనకి చెప్పదు, ఉన్నట్టుండి స్పృహ పోతుంది. పగడాలు దగ్గరగా చూడాలని ఊపిరి బిగబట్టి కిందికి మునగొద్దమ్మా. పైనుంచే చూడు. నువ్వు కూడా లైఫ్ జాకెట్ వేసుకో.

మాస్క్‌ని పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చు. పడకుండా నిలిస్తే అది నీకు సరిపోయినట్టు. అల్లుడుగారి మీసం దగ్గర నీళ్లు దిగొచ్చు, గైడ్‌కి ముందే చెప్పమను. నడుం లోతు నీళ్లలో నిలబడి, గొట్టంలోకి నీళ్లు వస్తే గట్టిగా ఊది బయటికి పంపడం ముందు అలవాటు చేసుకోండి. ఆయాసం వచ్చినా, ఛాతీ పట్టేసినట్టున్నా గొట్టం తీసేసి, వెల్లకిలా తిరిగి, చెయ్యి ఎత్తండి. మొహమాటపడొద్దు.

మన తీరంలో పగడాల దిబ్బలు పెరగవు. వాటికి వెలుతురు కావాలి, తేటనీళ్లు కావాలి. గోదావరి ఏటా ఎంత ఒండ్రు తెస్తుందో అంతర్వేదిలో, నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర చూశావుగా. అంత తేటనీళ్లలో నువ్వెప్పుడూ ఈదలేదు. మాస్క్‌లోంచి చూస్తే అడుగు ఉన్నదానికంటే నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది. లోతు లేదనుకుని కాళ్లు దింపకు. పగడం తగిలితే పాదం కోసుకుపోతుంది. అచ్చం రాయిలా ఉండే స్టోన్‌ఫిష్ ముల్లు దిగితే విషం ఎక్కుతుంది. అలాంటిదేమైనా అయితే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పాదం ఉంచి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పగడాలకీ నష్టమే, కొన్ని ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగవు. నీ పాదం కింద విరిగితే మళ్లీ ఎప్పటికి పెరగాలి? ముక్క కూడా తేవద్దు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఆటు సమయంలో దిబ్బల సందుల్లోంచి నీళ్లు సముద్రంలోకి లాగుతాయి, తూము తలుపు ఎత్తినట్టు. ఆ లాగుడులో పడితే ఎదురు ఈదకు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి రా. మొసళ్ల హెచ్చరిక బోర్డు కనిపించిన చోట అసలు దిగొద్దు.

వీపు మాడిపోతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకో. హేవ్‌లాక్ దీవిలో ఏ రోజు దిగుతున్నారో ముందే చెప్పు.

మీ నాన్న